ఆలస్యానికి కారణం

లా కాలేజీలో నా తోటివాళ్లంతా హత్య కేసులు వాదించాలని కలలు కంటుంటే నేనొక్కదాన్నే పన్నుల చట్టం పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేదాన్ని. "నీకు జీవితంలో ఇంకేం సరదాలు లేవా?" అని ఏడిపించేవాళ్లు. ఏడిపిస్తే ఏడిపించనీ అనుకునేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే, పన్నుల శాఖలో సర్కారు లాయరు ఉద్యోగం. అది కూడా చదువు ముగిసిన ఆ వేసవిలోనే రావాలి. కొత్తగా పట్టా పుచ్చుకున్నవాళ్లని ఆ శాఖ ఎండాకాలంలోనే తీసుకుంటుంది, ఆ ఏడు పాసైనవాళ్లనే తీసుకుంటుంది. ఆ సీజను దాటిపోతే ఇక ఏళ్ల తరబడి ఎక్కడో ప్రాక్టీసు చేసి రమ్మంటారు. సరే, ప్రాక్టీసు చేద్దామని ప్రైవేటు లాయర్ల దగ్గరికి వెళితే "అనుభవం ఉందా?" అంటారు. అనుభవమేమన్నా బజార్లో దొరికే వస్తువా?

సర్కారు వైపే ఎందుకంటావా, దానికి కారణం మా నాన్న.

నాన్న పన్ను కాగితాలు చూసే మనిషి. చిన్న చిన్న దుకాణాలవాళ్ల రిటర్నులు వేసి, ఏదైనా తేడా వస్తే వాళ్ల తరఫున ఆఫీసుకెళ్లి మాట్లాడతాడు. ఆడిటరు పరీక్ష ఆయన ఏనాడూ రాయలేదు. అయినా వీధి వీధంతా "ఆడిటర్ గారూ" అనే పిలుస్తుంది, ఆయనా కాదనడు. ఒకప్పుడు మా ముందు గదిలో కూర్చోడానికి చోటుండేది కాదు. తర్వాత ఎవరి రిటర్ను వాళ్లు ఫోనులోనే వేసుకోవడం మొదలుపెట్టారు. చివరికి నాన్నకి మిగిలినవి ఆలస్యం కేసులే. అంటే, అప్పీలు చేసుకునే గడువు కాస్తా దాటబెట్టి, ఆ తర్వాత నెత్తీనోరూ కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లవి. ఆలస్యాన్ని మన్నించి అప్పీలు తీసుకునేలా ఆఫీసర్ని ఒప్పించడంలో నాన్నని మించినవాడు ఊళ్లో లేడు. మా ఇల్లు గడిచేది ఆ పనితోనే.

ఆయన ఒప్పించే తీరు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండిపోయేది.

వేసవి మొదట్లో ఒకరోజు దరఖాస్తు మీద ఏదో ముద్ర వేయించుకోవాల్సి వచ్చి నాన్నతోపాటు ఆఫీసుకి వెళ్లాను. పొడవాటి వరండా, గోడవారగా బెంచీలు, లోపల ఆఫీసరు బల్లకి ఇవతల ఒక కుర్చీ. ఆ కుర్చీలో నాన్న కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన. నోటీసు అందుకుని, దాన్ని మిషను కింద ఎత్తుకి పెట్టి, నెలల తరబడి చేతులు ముడుచుక్కూర్చున్న ఘనుడు ఆయనే.

"ఎందుకింత ఆలస్యమైంది?" అన్నాడు ఆఫీసరు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

"తప్పు నాదే సార్," అన్నాడు నాన్న. "ఈయన వేళకే కాగితాలు తెచ్చిచ్చాడు. నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయాను. నా మతిమరుపుకి ఆయన్ని శిక్షించకండి."

కళ్లజోడాయన తిట్టాడు. "ఈ వయసులో మీకెందుకండీ ఈ పని, ఇంటిపట్టున ఉండక!" అన్నాడు. నాన్న "నిజమే సార్, నిజమే సార్" అంటూ తలూపాడు. తిట్టడం అయ్యాక ఆయన అప్పీలు తీసుకున్నాడు.

వరండాలోకి రాగానే నేను ఒంటికాలి మీద లేచాను.

"నువ్వు మర్చిపోయావా? నువ్వా? నా పుట్టినరోజు తప్ప ప్రపంచంలో ఉన్న తారీఖులన్నీ నీకు గుర్తే కదా!"

"మెల్లగా మాట్లాడవే, వింటారు."

"విననీ. ఎవరో చేసిన నిర్వాకానికి నువ్వెందుకు తిట్లు తినాలి?"

నాన్న జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "చూడమ్మాయ్, ఆలస్యమైందంటే ఆఫీసరుకి కోపం వస్తుంది. వచ్చిన కోపం ఎవరో ఒకరి మీద చూపించాలి. ఆయన మీద చూపిస్తే అప్పీలు పోతుంది. నా మీద చూపిస్తే నాకేం పోయింది?"

"పరువు పోయింది!"

"ఆయన దుకాణం కంటే గొప్పదా ఏంటి అది?"

నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ బల్లకి అవతలి వైపు కుర్చీలో నేను కూర్చోవాలి, ఈ చేతులు కట్టుకుని నిలబడే బతుకు మా ఇంట్లో నాన్నతోనే ఆఖరైపోవాలి. నా పట్టుదలంతా అదే.

పట్టుదల ఉంటే ఉద్యోగాలొస్తాయా? రాలేదు. ఆ శాఖ లాయర్లుండే ప్రతి ఆఫీసుకీ దరఖాస్తు పెట్టాను. కొన్నిచోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. కొన్నిచోట్ల నుంచి "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని వచ్చింది. ఆ నాలుగు ముక్కలు ఎంత మర్యాదగా ఉంటాయో, అంత మంటగా ఉంటాయి. ఒక పెద్ద ఆఫీసువాళ్లు మాత్రం ఇంటర్వ్యూకి పిలిచారు. అమ్మ చీర ఒకటి ఇస్త్రీ చేసి కట్టుకుని, రైల్లో నిలబడి, అది నలగకుండా ప్రాణాలన్నీ దానిమీదే పెట్టుకుని వెళ్లాను.

"ఇంతమందిలో మీరు పన్నుల చట్టమే ఎందుకు ఎంచుకున్నారు?" అని అడిగారు.

"మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ అదే మాట్లాడుకుంటామండీ" అన్నాను.

వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మంచి జవాబే చెప్పాననుకుని దారంతా మురిసిపోయాను. వారం తిరగకుండానే ఆసక్తికి ధన్యవాదాలు వచ్చాయి.

మా మేనత్త మాతోనే ఉంటుంది. నాన్నకి అక్క. మనసు వెన్న, నోరు కత్తెర. పొద్దున్నే నేను ఫోను చేతిలోకి తీసుకోవడం చూసి "ఏమే లాయరమ్మా, ఇవాళ ఎవరు వద్దన్నారు?" అనేది. ఒకరోజు ఇక తట్టుకోలేక స్నానాల గదిలోకి దూరి, ఏడుపు వినపడకుండా పంపు తిప్పేసి కూర్చున్నాను. కాసేపటికి అత్త తలుపు మీద దబదబా కొట్టింది.

"ఒసే, ట్యాంకు ఖాళీ అయిపోతోందే! ఏడిస్తే బయటికొచ్చి ఏడువు, నీళ్లన్నా మిగులుతాయి!"

బయటికొచ్చి అత్తని పట్టుకుని ఏడ్చాను. "నాకు రాదత్తా. ఇక రాదు" అన్నాను. అత్త నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది. ముందు గదిలో జనం లేక, వాళ్ల కోసం వేసిన బెంచీల మీద అత్త ఉతికిన బట్టలు ఆరేస్తుండేది. ఇంట్లో అందరూ నా ఉద్యోగం కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని తెలుస్తుంటే నాకు అన్నం దిగేది కాదు.

అన్నీ పోగా మిగిలింది మా ఊరి ఆఫీసే. నాన్న రోజూ వెళ్లే ఆఫీసు. అక్కడి నుంచి పరీక్షకి పిలుపొచ్చింది.

పొద్దున రాతపరీక్ష. మధ్యాహ్నం ఉత్తుత్తి విచారణ. అది ఆ ఆఫీసులో ఆనవాయితీ. అభ్యర్థి సర్కారు తరఫు లాయరులా వాదించాలి. ఎదుటి పక్షానికి ఊళ్లో ప్రాక్టీసు చేసేవాళ్లలో ఒకరిని పిలిపిస్తారు. ఎంపిక బోర్డు పెద్దావిడ, చెరో పక్కన ఇద్దరు ఆఫీసర్లు కూర్చుని చూస్తారు. ఆ ఇద్దరిలో ఒకాయన కళ్లజోడాయనే.

నేను ఆఖరిదాన్ని. నా వంతు వచ్చేసరికి, అప్పటిదాకా ఎదుటి పక్షంగా కూర్చున్న పెద్దమనిషి ఒంట్లో బాగాలేదని ఇంటికెళ్లిపోయాడు. ఎవరినైనా పట్టుకురమ్మని అటెండర్ని పంపించారు. అతనికి వరండాలో కనపడ్డవాళ్లలో అందరికంటే తీరిగ్గా ఉన్నది మా నాన్న.

తలుపు తీసుకుని లోపలికి వచ్చిన నాన్న నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. లేచి నిలబడ్డాను.

"మేడమ్, ఆయన మా నాన్న."

పెద్దావిడ కలం కింద పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పక్కనున్న ఆఫీసర్లతో గుసగుసగా ఏదో మాట్లాడింది.

"చూడండి," అంది చివరికి. "ఎంపిక జాబితా సాయంత్రానికి పైకి వెళ్లాలి. ఇంకో మనిషిని వెతికే టైము లేదు. ఆపేస్తే ఈ అమ్మాయి విచారణకి రాలేదనే రాసుకోవాలి. మీకిద్దరికీ అభ్యంతరం లేకపోతే కానిద్దాం. కానీ ఆడిటర్ గారూ, కూతురు కదా అని మీరు ఏ కాస్త తగ్గినట్టు నాకనిపించినా ఈ అమ్మాయి పేరు కొట్టేస్తాను."

"తగ్గను మేడమ్," అన్నాడు నాన్న.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ ఆఫీసులో ఆయన కూర్చోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

చేతికిచ్చిన కేసు ఆలస్యం కేసే. ఓ చిన్న వ్యాపారి గడువు దాటాక అప్పీలు వేశాడు, దాన్ని తీసుకోవద్దని నేను వాదించాలి. నాన్న కాగితం ఒకసారి పైనుంచి కిందికి చూసి పక్కన పెట్టేశాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. వణుకు లేదు, బతిమాలడం లేదు. నోటీసు పాత చిరునామాకి వెళ్లిందన్నాడు. పంపినట్టు శాఖ దగ్గర కాగితం ఉంది గానీ అందినట్టు లేదన్నాడు. నేను లేచి, అదే చిరునామాకి వెళ్లిన ఇంకో ఉత్తరానికి ఆ వ్యాపారి జవాబిచ్చాడు కదా అన్నాను. "ఆ ఉత్తరం ఎవరి చేతికిచ్చారో చదవండమ్మా," అన్నాడు నాన్న. చదివాను. పక్క దుకాణంవాడి చేతికిచ్చారు. నేను ఒకటంటే ఆయన రెండంటున్నాడు. పెద్దావిడ నాన్న వైపే చూస్తోంది, నాన్న మాటలే రాసుకుంటోంది. నాకు ఒకపక్క గర్వంగా ఉంది, నిజంగా గర్వంగా ఉంది. ఇంకోపక్క నా బతుకు నా కళ్లముందే నీళ్లపాలవుతోంది. అది చేస్తున్నది మా నాన్న, ఆయన అలా చెయ్యకపోయినా నా పేరు కొట్టేస్తారు.

"ఇంకేమైనా ఉందా ఆడిటర్ గారూ?" అంది పెద్దావిడ.

"ఒక్క మాట మేడమ్," అన్నాడు నాన్న. అంటూనే లేచి నిలబడ్డాడు. చేతులు వాటంతటవే ముందుకొచ్చి ముడుచుకున్నాయి. "ఇంతకీ ఇందులో తప్పు వ్యాపారిది కాదు. నాది. ఆయన వేళకే కాగితాలు తెచ్చిచ్చాడు. నేనే మర్చిపోయాను. నా మతిమరుపుకి ఆయన్ని శిక్షించకండి."

నాకు ఆ క్షణంలో దారి కనపడింది. అది ఎటు పోతుందో కూడా కనపడింది. అయినా లేచాను.

"మేడమ్, ఈ ప్రతినిధి ఏ ఆలస్యం కేసులో వచ్చినా తప్పు తనదేనంటారు."

"ఆ సంగతి ఈ కాగితాల్లో లేదు కదమ్మా," అంది పెద్దావిడ.

"మీ పక్కనున్న ఆఫీసర్లకి తెలుసు మేడమ్. ఆయన చెప్పేది అబద్ధమైతే ఈ అప్పీలు కొట్టెయ్యాలి. నిజమైతే, ఇంతమంది కాగితాలు ఇన్నిసార్లు మర్చిపోయిన మనిషి ఈ పనికి పనికిరారు. అలాంటి మనిషి చేతికి కాగితాలిచ్చి ఊరుకోవడం వ్యాపారి నిర్లక్ష్యమే. అబద్ధమైనా చేతకానితనమైనా, ఆలస్యానికి సరైన కారణం లేనట్టే."

కళ్లజోడాయన జోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దావిడ "దీనికి మీ సమాధానం?" అంది.

నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్కలో ఎక్కడ తేడా వచ్చిందా అని చూసేటప్పుడు అలా చూస్తాడు.

"సమాధానం లేదు మేడమ్," అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నేనే అడిగాను. "కావాలనే అన్నావా నాన్నా ఆ మాట? నాకు అందించడానికే అన్నావా?"

"ఏమోనే. నోట్లోంచి వచ్చేసింది," అన్నాడు. "అలవాటు కదా." బస్సు రాగానే నన్ను ముందు ఎక్కమన్నాడు.

ఉద్యోగం వచ్చింది.

అత్త నా రెండు బుగ్గలూ పట్టుకుని లాగి "లాయరమ్మ కాస్తా సర్కారమ్మ అయిందర్రా!" అని వీధంతా వినపడేలా అరిచింది. అమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఎన్నాళ్లుగా దాచుకుందో ఆ ఏడుపు. నాన్న ఏదో కొనే వంకతో అవసరం లేని దుకాణాలకి కూడా వెళ్లి చెప్పొచ్చాడు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్లు. నేను ఎన్నో వారాల తర్వాత కడుపునిండా తిన్నాను, ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

తర్వాత ఒక సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇవాళ భలే అయిందిలే. నేనిలా నోరు తెరిచానో లేదో, కళ్లజోడాయన చెయ్యెత్తేశాడు. 'ఆగండి ఆడిటర్ గారూ, అబద్ధమా, చేతకానితనమా? ముందు అది తేల్చండి' అన్నాడు. గది గదంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాననుకో."

"అప్పీలు తీసుకున్నాడా?" అంది అమ్మ.

"లేదు."

"ఎవరిదండీ?"

"చెప్పుల షాపతనిది." నాన్న నా వైపు తిరిగాడు. "ఆర్డర్‌లో కూడా రాశాడే. నువ్వన్న మాటలే, మక్కీకి మక్కీ. పేరు రాయలేదు గానీ అందరికీ తెలుసు."

ఆయన ముఖం నిజంగానే వెలిగిపోతోంది. అత్త "అంత గొప్పగా చెప్పిందన్నమాట!" అని, అమ్మ ముఖం చూసి నోరు మూసుకుంది. అమ్మ కంచాలు కడగడానికి వెళ్లి చాలాసేపు కడిగింది.

ఆ మాట ఆఫీసంతా పాకింది. ఏ గదిలోకి వెళ్లినా నాన్నకి అదే ప్రశ్న. జ్వరమని చెప్పి చూస్తే డాక్టరు చీటీ అడిగారు. వ్యాపారే అశ్రద్ధ చేశాడని నిజం చెబితే అప్పీలు అక్కడికక్కడే పోయింది. చెప్పుల షాపతను దుకాణం ఖాళీ చేస్తున్నాడని, గాజు అలమారాలు బండికెక్కించడం తను చూశానని అత్త చెప్పింది. ముందు గదికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వచ్చినవాళ్లు కూడా కాగితాలు వెనక్కి అడగడానికే వస్తున్నారు.

"నేనెళ్లి ఆ కళ్లజోడాయనతో మాట్లాడనా?" అన్నాను నాన్నతో.

"చేరకముందే సిఫార్సులా? బుద్ధుందా నీకు?" అని కసిరాడు. నా మీద ఆయన గొంతు లేవడం ఆ వేసవి మొత్తంలో అదొక్కసారే.

నేను లా కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాను. నా మాటకి జవాబు నేనే వెతికాను. పాత తీర్పులు, కొత్త తీర్పులు, ఏవి దొరికితే అవి చదివాను. దరఖాస్తులు పెట్టినన్నాళ్లూ ఎంత ఆత్రపడ్డానో అంతకి రెట్టింపు ఆత్రపడ్డాను. ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది, పట్టుకెళ్లి నాన్న చేతిలో పెడతాను అనుకున్నాను. ఎటునుంచి తవ్వినా నా వాదనే గెలుస్తోంది. నా తెలివి మీద నాకే అసహ్యం వేసింది.

ఉద్యోగంలో చేరడానికి ముందురోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక నాన్న నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అమ్మ, అత్త పక్క గదిలో నడుం వాల్చారు.

"రేపట్నుంచి నిన్ను అడక్కూడదు కదా," అన్నాడు. "ఎదుటి పక్షం అయిపోతావు. ఇవాళ ఇంకా అడగొచ్చు."

"ఏంటి నాన్నా?"

"ఆ రోజు నువ్వన్నదానికి జవాబేంటే? ఎంత ఆలోచించినా నాకు తట్టట్లేదు. లాండ్రీ ఆవిడ అప్పీలు ఈ వారంలోనే విచారణకి ఉంది. అది పోతే పాపం, మిషన్లు అమ్ముకోవాల్సొస్తుంది. ఏదైనా ఉంటే చెప్పు."

ఉందని చెప్పి ఏదో ఒకటి కల్పిద్దామనిపించింది. ఆయన అది పట్టుకుని వెళ్లి ఆ గదిలో నిలబడతాడు, వాళ్లు మళ్లీ నవ్వుతారు.

"లేదు నాన్నా," అన్నాను. "ఉంటే నాకీ ఉద్యోగం వచ్చేది కాదు."

నాన్న మెల్లగా తలూపాడు.

"మంచి పాయింటేలే," అన్నాడు. పొగడ్తగానే అన్నాడు.

లేచి ఫోను తీసుకుని ముందు గదిలోకి వెళ్లాడు. బెంచీ మీదున్న బట్టలు పక్కకి జరిపి కూర్చోవడం ఇక్కడికి కనపడుతోంది. లాండ్రీ ఆవిడకి ఫోను చేశాడు. "కాగితాలన్నీ సర్ది పెట్టానమ్మా, వచ్చి తీసుకెళ్లండి. వేరే ఎవరినైనా చూసుకోండి, నేనిక ఆ ఆఫీసుకి వెళ్లట్లేదు" అన్నాడు. అవతల ఆవిడ కంగారుగా ఏదో అడుగుతోంది, ఆ గొంతు ఫోనులోంచి నా దాకా వస్తోంది.

"అబ్బే, అదేం లేదమ్మా. ఒంట్లో బాగానే ఉంది," అన్నాడు నాన్న. "మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది."